దూరముననుండి కలిసి పనిచేయుట

(మెదక్ జిల్లా శివ్వంపేటయందు జరిగిన మన పద్మశాలి బాంధవుల వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఇంత నిండుసభలో మాటలాడుటకు నాకంటె వయోవృద్ధులును, విద్యాధికులును పెక్కుమంది యుండగా నన్ను పిలిచి గౌరవించినందులకు కృతజ్ఞుడను. నేను పండితుడను కాను. నేతపని చేసిన తండ్రికి పుట్టి, సాఫ్ట్‌వేర్ పనిలో ఇరువది సంవత్సరములు గడపినవాడను. నాకు తెలిసిన యా యొక్క పనిని గూర్చియే నాలుగు మాటలు విన్నవించుకొందును.

గత సంవత్సరము మా వీధిలోని యొక పెద్దమ్మ నన్ను నిలిపి, “బిడ్డా, రాత్రంత ఎవరితోనో మాట్లాడుతవు, పట్టపగలు పండుకుంటవు. గిట్లయితే కొలువెట్ల నిలుస్తది?” అని యడిగెను. ఆమె మాటలో ఎగతాళి లేదు, వాత్సల్యమే కలదు. నేను నవ్వి యూరకుంటిని. అట్లు ఊరకుండుట తప్పని తరువాత తోచినది. నేడు మన యిండ్లలో నా వంటి పని చేయు యువకులును, యువతులును అనేకులు కలరు. వారు గదిలో కూర్చుండి యేమి చేయుచున్నారో తల్లిదండ్రులకు తెలియదు. తెలుపవలెనని బిడ్డలకును తోచదు. ఆ పెద్దమ్మకు నేను ఈయవలసియుండిన ప్రత్యుత్తరమే నేటి నా యుపన్యాసము.

కంప్యూటరునకు చేయవలసిన పనిని అంచెలంచెలుగా వ్రాసియిచ్చుటయే మా పని. బ్యాంకులో సొమ్ము జమయగుటకును, రైలు టిక్కెట్టు దొరకుటకును, ఆసుపత్రిలో రోగి వివరములు భద్రముగా నుండుటకును ఇట్టి వ్రాతయే ఆధారము. ఈ వ్రాత లక్షలకొలది పంక్తులుండుటచే నొక్కనివలన నగునది కాదు. పదిమంది, నూరుమంది, ఒక్కొక్కప్పుడు వేలమంది పంచుకొని వ్రాయుదురు. వారందరు ఒకే కప్పుక్రింద నుండరు. ఒకడు శివ్వంపేటలో, ఒకతె పూనాలో, ఇంకొకడు లండనులో, మరియొకడు కాలిఫోర్నియాలో నుండి యొకే వస్తువును తయారుచేయుదురు.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. పోచంపల్లి చిటికి చీరను తలచుకొనుడు. నేత మొదలుకాకముందే నమూనా గళ్ళ కాగితముమీద నిర్ణయింపబడును. ఆ గళ్ళను బట్టి పోగులను కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టుదురు. కట్టువాడొకడు, నేయువాడొకడు కావచ్చును. కట్టునప్పుడు గడి తప్పినచో, నేతగాడెంత నిపుణుడైనను మగ్గముమీద పువ్వు వంకరపోవును. ఒకని చేతిలో జరిగిన దోషము మరియొకని చేతిలో బయటపడుట పంచుకొన్న పనులన్నిటికిని సహజలక్షణము. అయితే చిటికి కట్టువాడును, నేయువాడును ఒక్క వీధివారైనచో సందేహము కలిగినప్పుడు అరుగుమీద కూర్చుండి అడిగి తెలిసికొందురు. మా పనిలో అరుగు లేదు. ఆ యరుగు లేని లోటును ఏ విధమున తీర్చుకొందురన్నదే నేను చెప్పదలచిన విషయము.

ముందుగా ఈ పని మన ప్రాంతమునకు వచ్చిన విధమును కొంచెము మనవిచేయుదును. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను అమెరికా సంస్థ బెంగుళూరులో కార్యాలయము స్థాపించి, ఉపగ్రహము ద్వారమున తన పనిని అమెరికాకు పంపసాగెను. వ్రాసినవాడు ఇచ్చటనే యుండి, వ్రాత మాత్రము సముద్రము దాటవచ్చునని నాడు రుజువైనది. 1991లో కేంద్రప్రభుత్వమువారు సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పిరి. 1998 నవంబరులో హైదరాబాదు మాదాపూరునందు సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. అప్పటినుండి మన పల్లెల పిల్లలు బస్సులెక్కి హైదరాబాదు చేరిరి. కరోనా మహమ్మారి కారణమున 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను రాకపోకలు నిలిచినప్పుడు, ఆ పిల్లలే లాప్‌టాపులతో తిరిగి యిల్లు చేరిరి. కార్యాలయముల తలుపులు మూసికొనినను పని ఆగలేదు. ఊరిలో నుండియే ఈ పని చేయవచ్చునని మన పెద్దలు కన్నులార చూచినది నాడే.

ఇక రాత్రి సంగతి. శివ్వంపేటలో సాయంకాలము 7 గంటలైనప్పుడు, చలికాలమందు లండనులో మధ్యాహ్నము 1:30, న్యూయార్కులో ఉదయము 8:30, కాలిఫోర్నియాలో తెల్లవారుజాము 5:30 గంటలగును. వేసవిలో ఆ దేశములవారు గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొందురు. కావున ఇరుదేశములవారును మెలకువగా నుండి ముఖాముఖి మాటలాడుకొనుటకు దొరకు కాలము దినమునకు రెండు మూడు గంటలు మాత్రమే. అదియును మన రాత్రివేళ. తక్కిన కాలమంతయు ఒకడు పనిచేయుచుండగా మరియొకడు నిద్రించుచుండును. నిద్రించువానిని లేపి యడుగరాదు. అడుగక సాగరాదు. ఈ చిక్కునకు మావారు కనుగొన్న యుపాయము వ్రాత. చేసినదేమి, చేయవలసినదేమి, ఎందులకట్లు చేసితిమి, ఎచ్చట సందేహము మిగిలినది అను నాలుగింటిని వ్రాసిపెట్టి మరీ నిద్రకు పోవలెను. ఆ వ్రాతయే మా యరుగు.

జనము హెచ్చినకొలది పని త్వరితమగునని మనము తలంతుము. ఈ వృత్తిలో అది యన్నివేళల నిజము కాదు. ఇద్దరున్నచోట మాట నడచు దారి యొక్కటే. 5 మంది యున్నచో 10 దారులు, 10 మంది యున్నచో 45 దారులు ఏర్పడును. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి క్రొత్తగా జనమును చేర్చినచో అది మరింత ఆలస్యమగునని ఫ్రెడ్ బ్రూక్స్ అను ఇంజనీరు 1975లో ప్రకటించిన గ్రంథములో హెచ్చరించెను. క్రొత్తవారికి పని నేర్పుటకు పాతవారి కాలము పోవును. మాట నడచు దారులును పెరుగును. అందుచేత పనిని చిన్న చిన్న పాళ్ళుగా విభజించి, ఒక పాలుతో మరియొక పాలు కలియు అంచును మాత్రము స్పష్టముగా నిర్ణయించుకొనవలెను. మగ్గముమీద పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు కొసలను అతుకునప్పుడు ఏ పోగు నే పోగుతో కలుపవలెనో తప్పరాదు కదా! ఇదియు నట్టిదే.

దూరముననుండి కలిసి పనిచేయుటకు లోకములో గొప్ప నిదర్శనము లినక్స్. ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి యగు లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగష్టు 25వ తేదీన, తానొక చిన్న ప్రోగ్రాము వ్రాయుచున్నాననియు, సలహాలు కావలెననియు ప్రకటించెను. ముఖపరిచయము లేని వేలమంది వివిధ దేశములనుండి దానికి మెరుగులు దిద్దిరి. నేడు మీ చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులన్నింటిలోను మూలాధారమది. ఎవరు పంపిన మార్పునైనను ఆ భాగమునకు బాధ్యుడైన మరియొకడు చదివి, ప్రశ్నించి, సమ్మతించిన పిదపనే కలుపుదురు. ఇన్నివేల మార్పులలో నేది యెవ్వరిదో, ఎందులకు చేసిరో గుర్తుంచుటకై టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్ మాసమున గిట్ అను సాధనమును నిర్మించెను. కొన్ని నెలలకే దాని నిర్వహణమును జూనియో హమానో అను నతని కప్పగించెను. తాను కట్టినదానిని సమర్థుడైన యింకొకనికి అప్పగించుటయును కలిసి పనిచేయుటలో నొక భాగమే యని మనము గ్రహింపవలెను.

తెలుగువారు ఈ మార్గమున వెనుకబడినవారు కారు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణములోనే మన లిపికి స్థానము లభించెను. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియాను ప్రారంభించిరి. అది మొదలు ఏ జీతమును లేక, ఒకరి ముఖమొకరు చూడక, హైదరాబాదునుండియు, కోస్తానుండియు, విదేశములనుండియు తెలుగువారు దానిలో వ్రాయుచునే యున్నారు. హైదరాబాదునందలి ‘స్వేచ్ఛ’ సంస్థవారు కంప్యూటరును తెలుగులో నడుపుకొనుటకు వలసిన సాఫ్ట్‌వేరును కార్యకర్తల సహాయముతో సిద్ధపరచిరి. ఇట్టి పనిలో చిక్కెట్లుండునో చూడుడు. ఒకే యాజ్ఞను ఒకరు “భద్రపరచు” అనియు, మరియొకరు “దాచు” అనియు తెలిగించినచో, చదువువాడు రెండును వేరువేరు పనులనుకొనును. రెండు మాటలును మంచివే. కాని రెంటిలో నొకదానిని అందరు నొప్పుకొనవలెను. తన మాట యోడిపోయినను మరునాడు నొప్పుకొన్న మాటనే వ్రాయగల మనస్సు కావలెను. భాషాజ్ఞానముకంటె నా మనస్సే యరుదు.

ఒప్పుకొన్నదానిని పాటింపనిచో కలుగు నష్టమునకు ఉదాహరణ మొకటి చెప్పెదను. అమెరికావారు 1998 డిసెంబరులో అంగారకగ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపిరి. దానిని నిర్మించిన లాక్‌హీడ్ మార్టిన్ వారు కొలరాడోలోను, నడిపించిన నాసా ప్రయోగశాలవారు కాలిఫోర్నియాలోను ఉండిరి. నెట్టుబలమును కాలిఫోర్నియావారు న్యూటనులలో రావలసినదిగా తలచిరి. కొలరాడో ప్రోగ్రాము పౌనులలో నిచ్చెను. అంకెలు వచ్చుచునే యున్నవి; కొలత యేదియో యెవ్వరును సరిచూడలేదు. 1999 సెప్టెంబరు 23వ తేదీన నౌక గ్రహమునకు మితిమీరి చేరువై నశించెను. ఇరుప్రక్కలను మహామేధావులే. వారికి తక్కువైనది తెలివి కాదు, “మీరు చెప్పుచున్నది గజములా, మూరలా?” అని యడుగు నొక్క ప్రశ్న.

పరుల తప్పులు చెప్పుట సులభము. నా తప్పొకటి ఈ సభలో నొప్పుకొందును. పని నేర్చుకొన్న తొలి సంవత్సరములలో నేనొక వర్తకసంస్థ లెక్కల ప్రోగ్రాములో పాలు పంచుకొనుచుంటిని. మనము 03/04 అని వ్రాసినచో ఏప్రిల్ 3వ తేదీ. అమెరికావారు దానినే మార్చి 4వ తేదీగా చదువుదురు. నేను చేసిన మార్పులో ఈ క్రమము తారుమారైనది. ఒక సాయంకాలము 7 గంటలకు నా దోషము నాకే కనబడినది. అప్పటికి ఆవలివారికి తెల్లవారుచున్నది. చెప్పినచో చులకనయగుదునని భయపడి, రాత్రికి రాత్రి సరిచేసి యెవ్వరికి తెలియకుండ పెట్టుదునని తలచితిని. సరిచేయలేకపోతిని. తెల్లవార్లు నేను కుస్తీపట్టుచుండగా, ఆ దేశమందలి నలుగురు నా తప్పులెక్కలమీద తమ దినమంతయు పని నడపిరి. మరునాడును నాకు నోరు రాలేదు. రెండు దినముల వారి శ్రమ వ్యర్థమైన పిదప సంగతి బయటపడినది. మా బృందములోని పెద్దావిడ నన్ను కోపించలేదు. మొదటినాటి సాయంకాలము నీవొక్క పంక్తి వ్రాసియున్నచో మేమా దినము వేరుపని చేసికొనియుందుము కదా యని మాత్రమనెను. తిట్టియున్నచో మరచిపోయియుందును. ఆ మాట మాత్రము నేటికిని మరువలేదు. సంవత్సరము, నెల, దినము అను క్రమమున తేదీ వ్రాయవలెనని 1988లోనే అంతర్జాతీయ ప్రమాణ మేర్పడియున్నది. ప్రమాణము లేక కాదు, చెప్పుటకు ధైర్యము లేక నష్టము కలిగినది.

బాంధవులారా! ఈ జంకు నా యొక్కనిదే కాదు. మన యిండ్లలో పిల్లవాడు పెద్దలయెదుట “నాకు తెలియదు” అన్నచో తెలివితక్కువవాడందుము. “నా వలన నీ తప్పు జరిగినది” అన్నచో శిక్షింతుము. అందుచేత వాడన్నిటికిని “సరే” యనుట నేర్చుకొనును. మన “సరే”కు “వింటిని” అనియు, “చూచెదను” అనియు, “మీ మాట కెదురాడలేను” అనియు పలు యర్థములు కలవు. దూరదేశమందున్నవాడు దానికి “ఆ దినమునకు తప్పక చేసి యిచ్చెదను” అను నొక్క యర్థమే గ్రహించును. చెప్పిన దినమునకు పని కాకపోగా మనవారు మాట తప్పువారను అపకీర్తి వచ్చును. వినయము వేరు, దాపరికము వేరు. చేతకానిదానిని చేతకాదని ముందుగా చెప్పుటయే పెద్దలకు నిజమైన గౌరవము. ఇది బడిలో నేర్పునది కాదు, ఇంటిలో నేర్వవలసినది. బిడ్డ తనంత తాను వచ్చి తప్పు చెప్పినప్పుడు చేయెత్తకుండుట మనము వానికిచ్చు మొదటి ఉద్యోగశిక్షణ.

ఈ పనిలోని కష్టమును దాచి యొక్క సుఖమునే చెప్పుట న్యాయము కాదు. రాత్రి మేలుకొనుటచే దేహము చెడును. పండుగనాడు ఇంటివారందరు కూర్చుండి భుజించుచుండగా ఒకడు లేచి తలుపు మూసికొనును. రాత్రి కూర్చొను కష్టము ఎల్లప్పుడు మనవంతే కారాదు. ఒక వారము మనము మేలుకొనినచో మరుసటి వారము వారు వేకువనే లేవవలెను. మంచి బృందములు అట్లే వంతులు వేసికొనును. అడుగనివానికి మాత్రము వంతు రాదు. ఇంటినుండి పనిచేయు కోడండ్ర కష్టము మరియు నెక్కువ. కంప్యూటరు ముందర నున్న యామెను “ఇంటనే యున్నది కదా” యని పొయ్యివద్దకును, చుట్టముల సేవకును పిలిచెదము. మగ్గము గుంటలో దిగిన నేతగానిని నడుమ లేపుదుమా? నాడె యాడుచున్నప్పుడు పిలువరాదని మనకు తెలియును. ఆమె చేతను నాడె యాడుచునే యున్నది. మనకు చప్పుడు వినబడుట లేదు, అంతియే.

మరియొక సంగతి. ఇప్పుడు యంత్రములే ప్రోగ్రాములు వ్రాయుచున్నవి. ఒకనాడు మరమగ్గము వచ్చినప్పుడు మన తాతలు ఏ భయమందిరో అదియే భయము నేడు మా యువకులకును కలిగియున్నది. ఆ భయము నిరాధారమని నేననలేను. కొలువులు పోవుటయు కలదు. కాని యంత్రము వ్రాసినదానిని చదివి తప్పుపట్టుట, కావలసినదేమో స్పష్టముగా చెప్పుట, పొరపాటునకు బాధ్యత వహించుట మనుష్యుని పనులుగానే యున్నవి. కావున పిల్లలకు కంప్యూటరు భాషలతోపాటు చక్కని తెలుగును, చక్కని యింగ్లీషును వ్రాయుట నేర్పుడు. తన మనస్సులోని మాటను పది పంక్తులలో పరునికి బోధపరుపగలవాడు ఏ మార్పు వచ్చినను నిలుచును.

తుదకు మన సంఘమును గూర్చి. మనము కూడ చెదరియున్న బృందమే కదా! మగ్గములు నిలిచినప్పుడు మన కుటుంబములు షోలాపురమునకును, భీవండికిని, సూరతునకును వలసపోయినవి. మరికొందరు గల్ఫు దేశములలోను, అమెరికాలోను ఉన్నారు. సంవత్సరమున కొకమారు ఈ పందిటిలో కలిసికొని, తీర్మానములు చేసి, చప్పట్లు కొట్టి విడిపోవుదుము. తరువాత నెవరేమి చేయవలెనో ఎవ్వరికిని తెలియదు. కావున మూడు విన్నపములు చేయుచున్నాను. ఒకటి: ప్రతి తీర్మానమునకు బాధ్యుడగు నొకని పేరును, గడువును వ్రాసి, షోలాపురములోనివాడును చదువునట్లు పంపవలెను. రెండు: చందాల జమాఖర్చులు నెలనెల అందరికి తెలుపవలెను, తప్పు కనబడినచో చూపినవానిని నిందింపక వందన మర్పింపవలెను. మూడు: దాతలు దయతలచి సంఘమునకు ఒక గదిని సమకూర్చి, నిలుకడగల విద్యుత్తును, ఇంటర్నెట్టును, పది కుర్చీలను ఏర్పరుపవలెను. ఇంటిలో తావు లేని పేదపిల్లయు అచ్చట కూర్చుండి చదువుకొనగలదు, కొలువు చేయగలదు. వంద బిరుదులకంటె ఆ గది మన కులమునకు కీర్తి తెచ్చును. ఆ గదిలో పని నేర్చుకొనువారికి వారమున కొకదినము పాఠము చెప్పుటకు నేను సిద్ధముగా నున్నాను.

పెద్దమ్మా! నీవు ఈ సభలోనే యున్నావని నాకు తెలియును. నేను రాత్రి మాటలాడునది నీ వంటివారితోనే. వారికిని ఇండ్లు, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు కలవు. మేమొకరి నొకరు చూచినది తక్కువ. కాని నా వ్రాతను నమ్మి వారును, వారి వ్రాతను నమ్మి నేనును నిద్రింతుము. కొలువు నిలుచుటయో, పోవుటయో దైవాధీనము. ఆ నమ్మకమును నిలుపుకొనుట మాత్రము మా చేతిలోనిది. పగటిపూట తలుపు మూసియున్నచో మెల్లగా నడువుమని పిల్లలకు చెప్పుము తల్లీ!